మొటిమల ముఖానికి మూడు నెలల ఓపిక



చర్మవైద్యురాలినైన నా దగ్గరికి మొటిమలతో వచ్చిన పిల్లలు కుర్చీలో కూర్చోకముందే, వెంట వచ్చిన తల్లి ఒక ప్రశ్న అడుగుతుంది. "ఏం తినొద్దు మేడం?" జనగామ నుంచి వచ్చినా, మహబూబాబాద్ నుంచి వచ్చినా, భూపాలపల్లి నుంచి వచ్చినా మొదటి మాట ఇదే. అడిగి ఊరుకోరు, జవాబు కూడా వాళ్లే చెప్తారు. కారం మాన్పించాం, చికెన్ మాన్పించాం, మామిడిపండు ముట్టనియ్యలేదు, ఒళ్లు వేడి చేస్తదని పల్లీలు కూడా బంద్ పెట్టినం అంటారు. పిల్ల మాత్రం తల దించుకుని కూర్చుంటుంది. ఇష్టమైనవన్నీ పోయాయి, మొటిమలు మాత్రం పోలేదు.

ముందు ఈ తిండి సంగతే తేల్చుకుందాం. మానుకోట, అంటే మహబూబాబాద్, మిర్చికి పేరున్న ప్రాంతం. అక్కడి కల్లాల్లో ఎర్రగా ఆరే మిర్చి మీద నింద వేయడానికి వైద్యశాస్త్రంలో గట్టి ఆధారం లేదు. కారం తింటే ముఖం ఎర్రబడొచ్చు, చెమట పట్టొచ్చు, కడుపులో మంట రావచ్చు. మొటిమ పుట్టడానికి కారం కారణమని మాత్రం రుజువు కాలేదు. మామిడిపండు, కోడిగుడ్డు, పల్లీల సంగతీ అంతే. ఎదిగే వయసు ఆడపిల్లకు గుడ్డూ పల్లీలూ మాన్పిస్తే మొటిమలు తగ్గవు, రక్తహీనత, నీరసం మాత్రం రావచ్చు. మన హాస్టళ్లలో, తండాల్లో రక్తం తక్కువున్న ఆడపిల్లలు ఎంతమందో ఏఎన్ఎం అక్కలను అడగండి, చెప్తారు. వాళ్ల కంచంలోంచి ఇంకో గుడ్డు తీసేయడానికి నా మనసొప్పదు.

అయితే తిండికీ మొటిమకూ సంబంధమే లేదా అంటే, ఉంది. మనం అనుమానించే వస్తువుల్లో కాదు, అసలు అనుమానమే రాని వస్తువుల్లో ఉంది. తిన్న వెంటనే రక్తంలో చక్కెరను గభాలున పెంచే తిండి అది. కూల్‌డ్రింక్, బిస్కెట్, మైదా పరోటా, బేకరీ పఫ్, రోజుకు నాలుగైదుసార్లు చక్కెర దండిగా వేసిన టీ, వీటన్నిటికీ తోడు పళ్లెం నిండా పాలిష్ పట్టిన తెల్లన్నం. చక్కెర ఒక్కసారిగా పెరిగితే దాన్ని దించడానికి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుంది. ఇన్సులిన్‌తో పాటు దాని తోబుట్టువు లాంటి ఐజీఎఫ్-1 అనే హార్మోను కూడా పెరుగుతుంది. ఈ రెండూ కలిసి చర్మంలోని నూనె గ్రంథులను ఉసిగొల్పుతాయి.

ఇది ఊహ కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొటిమలున్న 43 మంది కుర్రాళ్లను తీసుకుని, దాదాపు సగం మందికి చక్కెరను నెమ్మదిగా పెంచే భోజనం, మిగతావాళ్లకు మామూలు భోజనం పెట్టి 12 వారాలు చూశారు. 2007లో ఫలితాలు ప్రచురించారు. రెండు గుంపుల్లోనూ మొటిమలు తగ్గాయి కానీ, భోజనం మార్చుకున్న వాళ్లలో స్పష్టంగా ఎక్కువ తగ్గాయి. అంతకుముందు 2002లో ఇంకో సంగతి బయటికొచ్చింది. పాపువా న్యూగినీ దగ్గర కిటావా అనే చిన్న దీవిలో 1,200 మందిని పరీక్షించిన వైద్యులకు ఒక్క మొటిమ కూడా కనిపించలేదు. ఆ దీవివాళ్ల తిండి దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి. పొట్లంలో కట్టి అమ్మే తిండి వాళ్లకు దాదాపు తెలియదు. వంశపారంపర్యం కూడా ఉండొచ్చు, అంతా తిండి వల్లే అనడానికి లేదు. కానీ కౌమారంలో మొటిమ రాక తప్పదన్న మన నమ్మకాన్ని ఆ దీవి కదిలించింది.

మనం కిటావా దాకా పోనక్కర్లేదు. మన తాతలు తిన్న జొన్నరొట్టె, గటక, అంబలి, ఉలవచారు, బొబ్బర్ల కూర నెమ్మదిగా అరిగే తిండే. జొన్నరొట్టె మీద పప్పో, చింతచిగురు కూరో వేసుకుని తిన్న పిల్లాడికి రెండు గంటల్లో మళ్లీ ఆకలి వేయదు. అన్నం లేకుండా ముద్ద దిగదంటారా, మానొద్దు, పళ్లెంలో పంపకం మార్చండి. అన్నం ఉన్న చోటులో సగం తగ్గించి, ఆ సగంలో పప్పూ ఆకుకూరా పెట్టండి. రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా, రైతుల నోట ఆర్ఎన్ఆర్ 15048, ఇప్పుడు మన జిల్లాల్లోనూ పండుతోంది. గ్లూకోజును 100 అనుకుంటే ఈ బియ్యం చక్కెరను పెంచే వేగం 51 దగ్గర ఉంటుందని తేల్చారు. చాలా రకాల తెల్ల బియ్యానికి ఇది 60, 70 దాటుతుంది. ఈ బియ్యం తింటే మొటిమలు పోతాయని నేను అనను, ఆ పరీక్ష ఎవరైనా చేసినట్టు నా దృష్టికి రాలేదు. ఇంట్లో షుగర్ ఉన్న నాయనమ్మకు ఎలాగూ వండుతున్నారు, అదే కుండలోంచి మనవరాలికీ పెట్టండి అంటాను. కూల్‌డ్రింక్ ఒక్కటి మాత్రం గట్టిగా మాన్పించండి. 250 మిల్లీలీటర్ల కోలాలో పాతిక గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఇంట్లో పిల్ల చేతికి అయిదారు చెంచాల చక్కెర ఒట్టిగా ఇచ్చి తినమంటామా?

పాల గురించి రెండు మాటలు. వెన్న తీసిన పాలు ఎక్కువ తాగేవాళ్లలో మొటిమలు కొంత ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, అంతమాత్రాన ఇంట్లో గేదె పాలు ఆపేయక్కర్లేదు. అసలు సంగతి జిమ్ముల్లో ఉంది. పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు పాల నుంచి తీసిన వే ప్రోటీన్ పొడి డబ్బాలు కొంటున్నారు. డబ్బా మొదలుపెట్టిన కొన్ని వారాలకు వీపు, భుజాలు, ముఖం నిండా గడ్డల్లాంటి మొటిమలతో వచ్చినవాళ్లు ఉన్నారు. పొడి ఆపితే చాలామందికి తగ్గుతాయి. ఆ కండలకు శనగలూ గుడ్లూ పెసర్లూ చాలు, తమ్ముడూ. ఎవరైనా కండ పెరగడానికని ఇంజెక్షన్ ఇస్తామంటే ఆ జిమ్ము గడప మళ్లీ తొక్కొద్దు.

ఇక్కడిదాకా తిండి. తిండి మార్చుకుంటే కొంత మేలు జరుగుతుంది. కానీ నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది దానికోసం మాత్రమే కాదు. మన మూడు జిల్లాల్లో పిల్లల ముఖాలను పాడుచేస్తున్నది మొటిమ కన్నా, మొటిమకని రాసే ఒక చిన్న ట్యూబు. దాని గురించి చెప్పాలి.

డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి, మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి తల్లితో వచ్చింది. స్కార్ఫ్ తీయడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. తీశాక చూస్తే చెంపలు రెండూ ఎర్రగా కందిపోయి, చర్మం కింద సన్నటి రక్తనాళాలు దారాల్లా కనిపిస్తున్నాయి. దవడ పొడవునా నూగు వెంట్రుకలు మొలిచాయి. నుదుటి మీద, గడ్డం మీద ఒకే సైజు ఎర్రటి పొక్కులు గుత్తులుగా ఉన్నాయి. పొయ్యి దగ్గర నిలబడలేకపోతోందట, ఎండలో కాలేజీకి నడవలేకపోతోందట. సంచిలోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. చివరిదాకా చుట్టి చుట్టి పిండిన ట్యూబు. "మొదట నాలుగే పింపుల్స్ ఉండె మేడం. పక్కింటి అక్క ఇది రాసుకోమన్నది. వారంలో ముఖం తెల్లగైంది, అందరూ బాగున్నవన్నరు. ఇప్పుడు రాస్తే ఊకుంటది, ఒక్కరోజు ఆపితే మండుతది." తల్లి అందుకుంది, "ముప్పై రూపాయలకే వస్తది గదా అని నేనే తెచ్చిచ్చిన."

ఆ ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది బీటామెథసోన్. అది స్టెరాయిడ్. తామర మీద రాయడానికో, దురదకో, తెల్లబడటానికో ఇంటింటా తిరిగే ట్యూబుల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఇదో, క్లోబెటసాలో, మొమెటసోనో. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. గజ్జి తామరల్లో కాదు గానీ ఎగ్జిమా, సొరియాసిస్ వంటి జబ్బుల్లో, సరైన చోట, సరైన రోజులు వాడితే ప్రాణం లేచి వస్తుంది. ముఖం మీది చర్మం పలచన. అక్కడ వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది, మొదట్లో వాపు, ఎరుపు అణగడం వల్ల తెల్లగా మెరిసినట్టు కనిపిస్తుంది. ఆ మెరుపే మోసం. లోపల రక్షణ తగ్గిపోతుంటుంది. కొన్ని వారాలకు మొటిమలు మునుపటి కన్నా రెట్టింపుగా వస్తాయి. ఆపుదామంటే మంట, ఎరుపు. అందుకని మళ్లీ రాస్తారు.

ఇది ఒక్క తండా కథ కాదు. దేశంలోని చర్మవైద్యులు పలు నగరాల్లో కలిసి చేసిన పరిశీలన 2011లో వచ్చింది. ముఖం మీద చర్మ సమస్యతో వచ్చిన 2,926 మందిని అడిగితే, 433 మంది స్టెరాయిడ్ క్రీములు రాసుకుంటున్నారని తేలింది. వాళ్లలో నూటికి 59 మందికి ఆ క్రీము చెప్పింది డాక్టరు కాదు. నూటికి 90 మందికి ముఖం మీద దుష్ఫలితాలు కనిపించాయి, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది మొటిమలే. మొటిమ తగ్గడానికని రాసినదే మొటిమలను తెచ్చింది. డాక్టర్ల చీటీల్లో కూడా తప్పులున్నాయని ఆ పరిశీలనే చెప్పింది. మా వృత్తివాళ్లం దాన్ని దాచుకోవడం మంచిది కాదు. భారత చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. పెట్టె మీద ఆ హెచ్చరిక ఇంగ్లీషులో అచ్చయి ఉంటుంది. చదివే పిల్లలున్న ఇల్లు కాబట్టి వాళ్లచేతే చదివించండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూయోసినోలోన్, ఈ నాలుగు పేర్లలో ఏదైనా కనిపిస్తే ఆ ట్యూబు ముఖం దగ్గరికి తేవద్దు. హైడ్రోక్వినోన్‌తో కలిపి తెల్లబడే క్రీముగా అమ్మే చాలావాటిలోనూ ఇలాంటి స్టెరాయిడే ఉంటుంది. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవాళ్లు భయపడి ఒక్కరోజులో పారేసి ఇంట్లో కూర్చోవద్దు. ఒక్కసారిగా ఆపితే ముఖం భగ్గుమంటుంది, తట్టుకోలేక మళ్లీ మొదలుపెడతారు. డాక్టరును కలిస్తే మెల్లగా ఎలా దిగాలో, మంటకు ఏం రాయాలో చెప్తారు. నేను చెప్పిన ఆ అమ్మాయికి నెలలు పట్టింది, కానీ తగ్గింది. ఇప్పుడు స్కార్ఫ్ ఎండకు కట్టుకుంటోంది, దాచుకోవడానికి కాదు.

మరి మొటిమకు ఏం రాయాలి? అది చెప్పాలంటే మొటిమ ఎలా పుడుతుందో తెలియాలి. ముఖం మీది ప్రతి రంధ్రంలో ఒక సన్నటి వెంట్రుకా, దాని పక్కన ఒక నూనె గ్రంథీ ఉంటాయి. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి హార్మోన్ల వల్ల ఈ గ్రంథి ఎక్కువ నూనె ఊరిస్తుంది. రంధ్రం అంచున రాలాల్సిన పాత చర్మకణాలు రాలక అంటుకుపోతాయి. చెరువు తూముకు చెత్త అడ్డం పడితే నీళ్లు వెనక్కి నిలిచినట్టు, నూనె లోపలే నిలిచిపోతుంది. ఆ నూనెలో, మన చర్మం మీద ఎప్పుడూ ఉండే ఒక సూక్ష్మజీవి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు పంపే సైన్యం వల్ల ఎరుపు, వాపు, చీము. పైకి మొటిమ కనిపించేసరికి లోపల ఈ కథ మొదలై వారాలు అయివుంటుంది. ఏ మందుకైనా ఫలితం ఆలస్యంగా వచ్చేది అందుకే.

మొటిమ మురికి వల్ల రాదు. రోజుకు ఆరుసార్లు సబ్బుతో తోమితే రంధ్రంలోని అడ్డు పోదు, పై చర్మం ఎండిపోయి పగులుతుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఆటలాడి చెమటపట్టి వచ్చాక ఒకసారి, మెత్తటి ఫేస్‌వాష్‌తోనో, వాసన తక్కువుండే సాదా సబ్బుతోనో చేతి వేళ్లతో కడుక్కోవాలి. జనగామ వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు కరుకు. సబ్బు నురగ రాదు, జిగట ముఖం మీదే మిగిలిపోతుంది. అక్కడ ముఖానికి మాత్రం మిషన్ భగీరథ కుళాయి నీళ్లో, వర్షపు నీళ్లో వాడుకుంటే మంచిది. నిమ్మరసం, టూత్‌పేస్టు, వంటసోడా ముఖానికి రాయొద్దు. కాలిన మచ్చలతో వచ్చిన పిల్లలను చూశాను, ఆ మచ్చలు మొటిమ మచ్చల కన్నా మొండివి. తలకు కొబ్బరినూనె పెట్టండి, వద్దనను, కానీ అది నుదుటి మీదికి కారేంతగా వద్దు. నుదుటి మీద వెంట్రుకల అంచు వెంబడి చిన్నచిన్న పొక్కులొస్తే ఆ నూనె కారణం కావచ్చు. పడుకునేముందు తల దువ్వి జడ వేసి, దిండు గలీబు వారానికోసారి ఉతకండి.

మందుల షాపులో అడగాల్సినవి రెండే పేర్లు, రెండూ స్టెరాయిడ్లు కావు. ఒకటి బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్. రెండోది అడాపలీన్ 0.1 శాతం జెల్. డాక్టరుకు చూపించి మొదలుపెట్టండి. అడాపలీన్ రాత్రి మాత్రమే రాయాలి. ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వండి. శనగగింజంత జెల్ వేలి మీదికి తీసుకుని నుదురు, రెండు చెంపలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచండి. మొటిమ మీద మాత్రమే కాదు, మొత్తం ముఖానికి. రాబోయే మొటిమను ఆపేది అదే. కళ్ల కింద, పెదవుల మూలల్లో వద్దు. మొదటి రెండు మూడు వారాలు చర్మం పొడిబారి, పొట్టు లేచి, మొటిమలు ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది. భయపడి చాలామంది ఇక్కడే ఆపేస్తారు. రోజు విడిచి రోజు రాయండి, పైన సాదా మాయిశ్చరైజర్ వేసుకోండి, ఆపొద్దు. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాలుకు, చున్నీకి అంటితే రంగు పోతుంది, పాత తువ్వాలు పక్కన పెట్టుకోండి. గర్భం ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు అడాపలీన్ వాడకూడదు. పగలు ఎండలో తిరిగేవాళ్లకు సన్‌స్క్రీన్ అవసరం, ఎందుకంటే మన గోధుమ, చామనఛాయ చర్మంలో మొటిమ పోయినా నల్లమచ్చ నెలలు ఉంటుంది, ఎండ దాన్ని ఇంకా ముదురుస్తుంది. గిల్లితే ఆ మచ్చ గుంట అవుతుంది. గుంట పూడ్చడం మందుతో అయ్యే పని కాదు.

భూపాలపల్లి గనుల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే అన్నలకు ఒక మాట. యంత్రాల నూనె, గ్రీజు అంటిన ముంజేతుల మీద, తొడల మీద నల్లతలల పొక్కులు వస్తుంటే అవి వయసు మొటిమలు కావు, ఆ నూనె రంధ్రాలు మూసేయడం వల్ల వచ్చేవి. నూనె తడిసిన ప్యాంటు మార్చకుండా షిఫ్టంతా ఉండొద్దు, పని దిగగానే సబ్బుతో కడుక్కోండి, కిరోసిన్‌తో వద్దు. ఎండాకాలంలో ఛాతీ, వీపు మీద ఒకే సైజు దురద పొక్కులు లేస్తే అది చెమటలో పెరిగే శిలీంధ్రం కావచ్చు. దానికి మొటిమల యాంటీబయాటిక్ వేస్తే పెరుగుతుంది. టీబీ మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్లలో కూడా మొటిమలు లేవొచ్చు. దయచేసి ఆ మందులు ఆపకండి, డాక్టరుకు చెప్పండి చాలు.

కొందరికి ఈ జెల్లులు సరిపోవు. లోతుగా నొప్పిపెట్టే గడ్డలు వస్తున్నా, గుంటలు పడుతున్నా మూడు నెలలు చూస్తూ కూర్చోవద్దు, ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తూ, దవడ పొడవునా మొటిమలు వచ్చే ఆడపిల్లలకు పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో పరీక్ష చేయించాలి. పెళ్లయితే సర్దుకుంటుందని వాయిదా వేయకండి. ఐసోట్రెటినాయిన్ అనే గుళిక మొండి మొటిమలకు బాగా పనిచేస్తుంది, కానీ కడుపులో బిడ్డకు అవయవలోపాలు తెస్తుంది. ఎవరో చెప్పారని దాన్ని షాపులో కొని మింగడం మహా ప్రమాదం.

ఒకప్పుడు చర్మ డాక్టరంటే బస్సెక్కి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పోవడమే. ఇప్పుడు మహబూబాబాద్‌లో 2022లో, జనగామలో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కళాశాలకు అనుబంధంగా ఉండే ఆస్పత్రిలో చర్మ విభాగం ఉండాలన్నది నిబంధన. ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కౌంటర్లో అడిగి వెళ్లండి. ఇప్పటిదాకా ముఖానికి రాసినవన్నీ, ఖాళీ ట్యూబులతో సహా, కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. తిడతారేమోనని దాచొద్దు. ఏం రాశారో తెలిస్తేనే మేం ఏం రాయాలో తెలుస్తుంది.

చివరగా పెళ్లి పెట్టుకున్న ఇళ్లవాళ్లకు. ముహూర్తానికి పది రోజుల ముందు వచ్చి, ఏదో ఒకటి రాసివ్వండి, ఫొటోల్లో మచ్చ కనపడొద్దు అంటారు. పది రోజుల్లో తెల్లగా చేయగలిగేది ఆ స్టెరాయిడ్ ట్యూబు ఒక్కటే, అది నేను రాయను. ఏ మంచి మందైనా పని చూపడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మాఘమాసంలో పెళ్లి ఉంటే కార్తీకంలోనే పిల్లను తీసుకురండి. పిల్లవాడికి మొటిమలుంటే అతన్నీ తీసుకురండి.